పిడికిలి లెక్క

మొన్న ఆదివారం వైరాలో మా పక్కింటి పిల్ల కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఇంటర్ మొదటి ఏడాది. హైడ్రోజనూ ఆక్సిజనూ కలిసి నీరయ్యే సమీకరణం మీద లెక్క. పుస్తకంలో రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, రెండు నీళ్లు అని ఉంది కదా, ఆ పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు గ్రాముల హైడ్రోజన్, ఒక గ్రాము ఆక్సిజన్ కలిస్తే రెండు గ్రాముల నీళ్లొస్తాయని రాసుకొచ్చింది. నేను పగలబడి నవ్వాను. పాపం, దాని మొహం చిన్నబోయింది. "నిన్ను చూసి కాదే తల్లీ, నన్ను చూసుకుని" అని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పొల్లు పోకుండా ఇదే తప్పు నేనూ రాశాను మరి, ఎనభైల్లో, మణుగూరు దగ్గర అడవి అంచు పల్లె నుంచి బస్సెక్కి కాలేజీకి పోయే రోజుల్లో.

మాకు కెమిస్ట్రీ చెప్పే సారు మధిర వైపు మనిషి. కోపమే తెలియదు గానీ నాలుక మహా చురుకు. నా పేపరు చేతికిస్తూ, "మూడు గ్రాములు పోస్తే రెండే వచ్చాయా? మిగతా గ్రాము ఎవరు తాగారమ్మా?" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. మోల్ అంటే ఒక సంఖ్య అని ఆయన ఎన్నిసార్లు చెప్పారో! ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు. నేను ఆ సున్నాలు బట్టీ పట్టాను, అవి ఎందుకున్నాయో మాత్రం నా బుర్రకెక్కలేదు. అయినా కెమిస్ట్రీ అంటే నాకు పిచ్చి ప్రేమ. ల్యాబులో మైలుతుత్తం కరిగి నీళ్లు నీలంగా మారుతుంటే కళ్లార్పకుండా చూసేదాన్ని. ప్రేమిస్తే మార్కులేస్తారా? ఏడాది చివర అన్నీ పాసై అదొక్కటీ తప్పాను.

మా నాయిన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. మాట తక్కువ, అన్న మాట మీద నిలబడే మనిషి. రిజల్టు విని తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. తరువాత, "సప్లిమెంటరీ రాయి. అది గూడ తప్పితే చదువు బంద్. ఇంట్ల ఉండు" అన్నాడు. అంతే, ఇంక ఆ ఇంట్లో అప్పీలు లేదు. మా వాడలో సైన్సు గ్రూపు తీసుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. పెరట్లో కూర్చుని ఎక్కెక్కి ఏడుస్తుంటే, వెనకింట్లో ఉండే మా అత్త, అంటే నాయిన అక్క, వచ్చి "ఏడిస్తే మార్కులస్తయానె? లే, పొద్దుగాల్నే ఆకుకు పోదాం" అంది.

ఆకు అంటే తునికాకు. బీడీలు చుట్టడానికి వాడే ఆకు. ఎండాకాలం వచ్చిందంటే మా వైపు ఇంటికొకరైనా అడవిలో ఉంటారు. పొద్దున్నే కోసి, మధ్యాహ్నం నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లానికి తీసుకుపోవాలి. అక్కడ కాంట్రాక్టరు మనిషి, కల్లేదారు, కట్టలు చూసి తీసుకుంటాడు. నేను కెమిస్ట్రీ పుస్తకం కూడా గోనెసంచిలో వేసుకుని పోయేదాన్ని. అది చూసి మా అత్త, "తునికి చెట్టుకు చదివి ఇనిపియ్యి, అదన్న పాసైతది" అనేది. పక్కనున్న కోయ ఆడవాళ్లకు ఆ ముక్క వాళ్ల భాషలోనే చెప్పి మరీ నవ్వించేది. నాకు మండిపోయేది, నవ్వూ వచ్చేది.

మా అత్త ఆకులు లెక్కపెట్టగా నేనెప్పుడూ చూడలేదు. "లెక్కబెట్టుడేంది? పిడికిలి నిండితే యాభయ్యే" అనేది. నిజంగానే ఆమె పిడికిలి ఎన్నడూ తప్పేది కాదు. అందరూ వేళ్లు నాకుతూ ఒకటీ రెండూ అంటుంటే ఆమె గబగబా కట్టేసి, కొంగు తలకింద పెట్టుకుని కునుకు తీసేది. నేనూ ఆమె పద్ధతే పట్టాను. ఒకనాడు ఆమె "వాగు అవతల మంచి ఆకుందట" అని నన్ను కొత్త చోటికి తీసుకుపోయింది. అబ్బ, ఏం ఆకులవి! ఒక్కొక్కటి మామూలు ఆకు కంటే ఎంతో దళసరి. పిడికిళ్లు చకచకా నిండాయి. ఎప్పటికంటే ఎక్కువ కట్టలతో, పెళ్లివారిలా కల్లానికి నడిచాం.

కల్లేదారు ఒక కట్ట విప్పి లెక్కపెట్టాడు. ఇంకొకటి విప్పాడు. తరువాత అన్నీ మా ముందుకు నెట్టేశాడు. "తక్వున్నయి. మళ్ల కట్టుకొని రండ్రి."

"ఏంది తక్వ? నా పిడికిలి ఎన్నడన్న తప్పిందా?" అని మా అత్త కొంగు బిగించింది.

"పిడికిలి తప్పలేదక్కా. ఆకు మారింది. ఆకు బరువుదైతే మాత్రం యాభై నలభై అయితదా?"

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. మా అత్త అతని వంశాన్నంతా వరసగా తలుచుకుంటూ కట్టలు విప్పడం మొదలుపెట్టింది. నేను మాత్రం ఒక చేతిలో వాగవతలి ఆకులు, ఒక చేతిలో ఎవరివో మామూలు ఆకులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. కట్ట అంటే బరువు కాదు, లెక్క. రెండింట్లోనూ యాభయ్యే ఉన్నా ఒకటి తేలిక, ఒకటి బరువు. పిడికిలితో కొలవొచ్చు, కానీ ఆకు మారితే పిడికిలీ మారాలి. మరి హైడ్రోజన్ చిన్నాకు, ఆక్సిజన్ పెద్దాకు కదా! సమీకరణంలో ఉన్నవి గ్రాములు కావు, మోల్ అనే కట్టలు! ముందు కట్టలు లెక్కపెట్టుకుని, తరువాత ఏ కట్ట ఎంత బరువో చూసుకోవాలి!

"అత్తా!" అని ఒక్క కేక పెట్టాను.

ఆమె ఎగిరి పక్కకు దూకింది. "పామా? ఏడున్నది?"

"పాము గాదత్తా, ఆక్సిజను!"

"అయ్యో, పిల్లకు ఎండదెబ్బ తగిలింది, జల్దీ నీళ్లు తెండ్రి" అని నా నెత్తిన చెంబెడు నీళ్లు గుమ్మరించింది. ఆ నీళ్లు ముక్కు మీద నుంచి కారుతుంటే నాకు వాటిలో ఎన్ని కట్టల హైడ్రోజనో, ఎన్ని కట్టల ఆక్సిజనో కళ్లకు కట్టినట్టు కనిపించింది. అంత సంతోషం తరువాత ఏ డిగ్రీ పట్టా అందుకున్నప్పుడూ కలగలేదు, ఒట్టు.

ఇంక ఆ పుస్తకంలో లెక్కలన్నీ పిండి వంటలు తిన్నట్టు చేశాను. సప్లిమెంటరీలో సున్నపురాయి కాలిస్తే ఎంత సున్నం వస్తుందని అడిగారు. నవ్వుకుంటూ రాస్తుంటే ఇన్విజిలేటరు వచ్చి నా బల్ల కింద చిట్టీల కోసం వెతికాడు.

రిజల్టు వచ్చిన రోజు నాయిన డ్యూటీ దిగి, పేపరు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మొహం నిండా బొగ్గు. పేపరు విప్పకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"ఏందిరా తమ్మీ, పాసా ఫెయిలా? నోరు ఇప్పు!" అని అత్త అరిచింది.

"పాసైంది" అని తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మేమంతా బిత్తరపోయాం. కాసేపటికి తువ్వాల లోపలి నుంచే, "బంద్ అని నోరు జారితిని బిడ్డా. నువ్వు తప్పితే నా మాట నేనెట్ల వాపస్ తీస్కోవాల్నో సమజ్ గాక నాకు నిద్రనే లేదు" అన్నాడు.

ఆ సాయంత్రానికి మా నాయినకు నలభై ఇంకా నిండలేదు. ఇవాళ నాకు యాభై దాటి చాలా రోజులైంది. నేను అంతగా భయపడిన ఆ పెద్దమనిషి, ఇప్పుడు తలుచుకుంటే నా కళ్లముందు నాకంటే ఎంతో చిన్నవాడై, తువ్వాలలో మొహం దాచుకుని కూర్చున్నాడు.