దూదికి ఊరు చెప్పే లాల్ సాహెబ్

ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో, లాల్ సాహెబ్ పరుపుల కొట్టు మీద ఎప్పుడూ ఒక చిన్న మబ్బు ఆగి ఉండేది. వానకు పనికిరాని మబ్బు, ఒట్టి దూది నుసి. దాని కింద కూర్చుని ఆయన గడ్డం నెరవక ముందు నుంచీ ఒకటే విద్య చూపించేవాడు. పిడికెడు దూది చేతిలో పెడితే చాలు, కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నలిపి, అది ఏ ఊరి చేనిదో చెప్పేవాడు. దొర్నిపాడంటే దొర్నిపాడే. సంజామలంటే సంజామలే. జనం నోళ్లు తెరిచేవాళ్లు.

తెరవనిది ఆయన భార్య బీజాన్ ఒక్కతే. మూట దిగగానే ఈయన "ఏమప్పా, వానలు పడినాయా?" అని పలకరిస్తాడు. రైతు నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ యాసలోనే ఊరు దొరికిపోతుంది. వేళ్లు దూదిని నలుపుతుంటే చెవి మనిషిని నలిపేది. ఏళ్లు గడిచేకొద్దీ లాల్ సాహెబ్ తన చెవిని మరిచిపోయి వేళ్లనే నమ్మడం మొదలుపెట్టాడు. పేరొచ్చిన వాళ్లందరికీ తగిలే జబ్బే అది.

ఈ మధ్య మూటలు దించేవాళ్లు తగ్గిపోయారు. కొడుకు రఫీక్ గుమ్మంలో నిలబడి రోజూ అదే పాట.

"నాయనా, ఇంగ ఈ దూది దేనికి? చైనా స్పంజి పెట్టుకుందాం. చుట్ట చుట్టి వస్తాది. కవరు కోస్తే దానంతట అదే లేసి పండుకుంటాది."

"నేనుండంగా ఈ కొట్లోకి స్పంజి రాదు. నంద్యాల మిల్లు హాస్టలు పరుపులు నాకే వస్తాండాయి. అవి రాకుంటే తాళంచెవి నీ చేతికిస్తా, పో."

"ఇచ్చినాక మళ్లా అడగగూడదు."

"మీయమ్మ సాక్షి."

"నన్ను కలపొద్దండప్పా," అంది బీజాన్. "సాక్ష్యమంటే నిజం చెప్పాల్సొస్తాది."

నంద్యాల పొలిమేరలో ఉన్న ఆ నూలు మిల్లు నరసింహం శెట్టిది. ఆ వారం మిల్లు ఆవరణలో 'మన పత్తి, మన నూలు' అని సభ పెట్టాడు. లాల్ సాహెబ్ తన పాత విల్లుతో వేదిక మీద దూది ఏకాలి, అది ఏ ఊరిదో చెప్పాలి. సభ రక్తి కడితే పరుపుల పని ఆయనకే.

నరసింహం ఖద్దరు చొక్కాలో మైకు ముందు నిలబడ్డాడు. "బయటి దేశాల బట్టొచ్చి మన నూలు గొంతు పిసుకుతాంది. దానికి సుంకం గోడ కట్టాల!" అన్నాడు. చప్పట్లు మోగాయి. మంచినీళ్లు తాగి, "అట్లనే బయటి పత్తి మీద సుంకం తీసేయాల. లేకుంటే మిల్లు నడవదు," అన్నాడు. అలవాటు కొద్దీ ఇంకో రెండు చేతులు కలిసి, మధ్యలోనే ఆగిపోయాయి. గోడ ఒక్కటే. శెట్టి అమ్మేవైపు దానికి తాళం, కొనేవైపు తలుపు.

"శెట్టీ, మరి మా పత్తో?" రైతుల వరసలోంచి దొర్నిపాడు శేషయ్య లేచాడు.

"అది ఇంకో సభలో మాట్లాడుకుందాం, కూచో శేషయ్యా."

విల్లు మోగింది. నారి వణికినప్పుడల్లా దూది ఉలిక్కిపడి లేచి, గాలిలో తన బరువు మరిచిపోయి, మెల్లగా దిగింది. ఆ మోతకు ముసలి రైతులు తమ పెండ్లి పరుపులు గుర్తొచ్చి తలలు దించుకున్నారు. లాల్ సాహెబ్ పిడికెడు దూది తీసుకుని కళ్లు మూశాడు. అలవాటుగా, మిల్లు గోదాములోంచి చేతికందిన పత్తి బేలు మోసుకొచ్చిన కూలీని "ఏమప్పా, వానలు పడినాయా?" అని అడిగాడు. అతను బీహారు నుంచి వచ్చినవాడు. తెలుగు రాక నవ్వి ఊరుకున్నాడు.

లాల్ సాహెబ్ నలిపాడు. మళ్లీ నలిపాడు. వేళ్లు మూగగా ఉన్నాయి. మూసిన కళ్ల ముందు హాస్టలు మంచాలు వరసగా కనిపించాయి. వాటి చివర రఫీక్ చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

"గోస్పాడు!" అని అరిచాడు. "నల్లరేగడి దూది! బయటి దేశాలు తలకిందులుగా తపస్సు చేసినా ఇంత మెత్తగా పండించలేవు!"

ఆవరణ దద్దరిల్లింది. శెట్టి మొహం మాత్రం దూది కన్నా తెల్లబడింది. శేషయ్య వేదికెక్కి, విప్పిన బేలు పట్టాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది? బ్రెజిల్ అని రాసుండాది! గోస్పాడు పక్కన కొత్తగా వెలిసిందా?"

నవ్వులు. శేషయ్య నవ్వలేదు.

"మా పత్తికి తేమ ఉండాదని గేటు కాన్నించే తిప్పి పంపిస్తివి శెట్టీ. ఇది సముద్రం మీద వచ్చింది గదా. దీనికి తేమ అంటలేదా?"

నరసింహం గొంతు సవరించుకున్నాడు. వ్యాపారం చేసే గొంతు ఎక్కువసేపు పూడుకుపోదు. "చూసినారా! లాల్ సాహెబంతటోని చెయ్యే తేడా లేదంటాంది. అట్లాంటప్పుడు సుంకం దేనికి?" అని తనే చప్పట్లు కొట్టాడు.

జనం పోయాక లాల్ సాహెబ్ విల్లు గుడ్డలో చుట్టుకుని దగ్గరికి వెళ్లాడు. "శెట్టీ, హాస్టలు పరుపులు..."

"తేడా తెలీనప్పుడు దూదైతేనేం, స్పంజైతేనేం? కంటైనర్లో వస్తాండాయిలే."

ఇంటికొచ్చి తాళంచెవి రఫీక్ చేతిలో పెట్టాడు. బీజాన్ నీళ్ల చెంబు ఇచ్చింది. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే. దానెంబడి దాని ఊరి మనిషి రాలేదు గదా," అంది. ఇన్నేళ్లకు తన రహస్యం ఆమె నోట వినడం అదే మొదటిసారి. ఆయన నీళ్లు తాగడం మరిచిపోయాడు.

ఇప్పుడు ఆ సందులో మబ్బు లేదు. కొట్టు నిండా ప్లాస్టిక్కు కవర్లలో ముడుచుకున్న స్పంజి చుట్టలు. రఫీక్ తండ్రిని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. మొన్న ఒకామె వచ్చి పరుపును గుద్ది గుద్ది చూసింది.

"ఇది యాడిదప్పా? గట్టిదేనా? బేగా చెప్పు, మళ్ల బస్సు పోతాది."

"కూచోమ్మా. వానలు పడినాయా?" అన్నాడు లాల్ సాహెబ్.

ఆమె వాన సంగతి చెప్పింది, వాగు సంగతి చెప్పింది. లాల్ సాహెబ్ లేచాడు. స్పంజిలో వేళ్లు దిగేసి, కళ్లు మూసుకున్నాడు.

"సంజామల."

"ఓయమ్మ, మా ఊరిదే!" ఆమె మొహం వెలిగింది. "ఆ మాట ముందే చెప్పొద్దా? కట్టీ, కట్టీ."

రఫీక్ నోరు తెరిచాడు.