పంతొమ్మిదో తారీఖు కార్డులు

తోచిహరా అనే ఆ కొండ ఊళ్ళో ఇరవై దాటి నలభై నిండనివాళ్ళలో, కినుయె చేతుల మీదుగా భూమ్మీద పడనివాళ్ళు చాలా తక్కువ. ముప్ఫయ్యారేళ్ళలో ఆరువందల పద్నాలుగు కాన్పులు చేసిన మంత్రసాని ఆమె. మంచులో నడిచి వెళ్ళింది, మొగుళ్ళ మీద కేకలేసి నీళ్ళు కాయించింది, అడ్డొచ్చిన అత్తగార్లను గది బయటికి గెంటింది. ఇన్ని ఇళ్ళ లోపలి గదులు చూసిన మనిషి ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో ఎత్తిన పాపాన పోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను ప్రేమించారని చెప్పలేను గానీ, నమ్మారు. నన్నడిగితే మంత్రసానికి అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

ఎనిమిదేళ్ళుగా ఆమె చేతికి పని లేదు. రోడ్డు పడింది, కార్లు వచ్చాయి, నెలలు నిండిన ఆడవాళ్ళు కింది పట్నంలోని ఆసుపత్రికి పోతున్నారు. భర్త యుద్ధం నుంచి తిరిగి రాలేదు, పిల్లలు లేరు. అరవయ్యారేళ్ళ కినుయె పొద్దున్నే లేచి, పాత అలవాటు కొద్దీ మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుని, ఆ తరువాత ఏం చేయాలో తోచక కూర్చునేది.

అలాంటి రోజుల్లో, మే నెలలో, చిజురు వచ్చింది. కినుయె స్నేహితురాలు ఫుసాయె కూతురు ఆ పిల్ల. ఇరవయ్యేడేళ్ళది, గ్రామ కార్యాలయంలో గుమాస్తా. పాత కాలపు కాన్పుల సంగతులతో చిన్న పుస్తకం వేయాలని ఊరి మహిళా సంఘానికి బుద్ధి పుట్టి, ఆ పని చిజురు నెత్తిన పెట్టారు. ఆ పిల్లకేమో ఎక్కడో చదివి కార్డుల పిచ్చి పట్టుకుంది. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దవి, దళసరివి, రెండు వందల కార్డులు గుడ్డలో మూటగట్టి తెచ్చి కినుయె ముందు దించింది.

"పెద్దమ్మా, నీ బుర్రలో ఉన్నదంతా వీటి మీద పెట్టెయ్."

"నా బుర్రకి ఇవేం సరిపోతాయే? అయినా కాన్పుల రిజిస్టరు తప్ప నేను జన్మలో ఇంకోటి రాసి ఎరగను."

"అది రాసినదానికి ఇదెంత? ఒక కార్డుకి ఒక్క సంగతే. పైన కుడిపక్క ఎప్పుడు జరిగిందో తేదీ. ఎడంపక్క అదేంటో ఒక్క ముక్కలో. వెనక వైపు రాయకూడదు. అంతే."

"వెనకంతా ఖాళీగా వదిలెయ్యాలా? అంత కాగితం దండగ చేస్తే మా అమ్మ నా చెయ్యి విరిచేది."

వారం తరువాత వచ్చి చూస్తే కినుయె రాసినవి మూడే కార్డులు. రెండు వైపులా చీమల బారుల్లా అక్షరాలు. మొదటి కార్డు మీదే మూడు కాన్పులు, ఒక కొండచరియ పడిన సంగతి, బాలింతకు పెట్టే చారు ఎలా కాయాలో, ఎవరి అత్త ఎంత పిసినారో, అన్నీ ఉన్నాయి. చిజురు నవ్వాపుకోలేక చాప మీద పడి దొర్లింది.

"ఇది కార్డు కాదు పెద్దమ్మా, సంత రోజు బస్సు! ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నారు."

"నువ్వే కదే అంతా పెట్టమన్నావు!"

"పెట్టమన్నాను, కుక్కమన్లేదు. పదేళ్ళ తర్వాత ఎవరో పరాయి మనిషి చదివినా అర్థం కావాలి. ‘ఆ రోజు’ అంటే ఏ రోజు? ‘ఆవిడ’ అంటే ఎవరు?"

"పేర్లు రాయను. చంపినా రాయను."

"సరే, పేర్లొద్దు. తేదీ మాత్రం వేసి తీరాలి. తేదీ లేని కార్డు చెత్తబుట్టకే."

కినుయె ఒప్పుకుంది. పేరు లేకపోతే చాలనుకుంది.

జూన్ నెలకల్లా ఆమె చెయ్యి తిరిగింది. రిజిస్టరు తీసి పక్కన పెట్టుకుని, ఒక్కొక్క కాన్పు తేదీ చూసి వేసి, ఆ రోజు జ్ఞాపకమున్నది ఒక్కటే రాసేది. బొడ్డు కోసిన కత్తెర ఒక కార్డు. మాయ పాతిన చోటు ఒక కార్డు. ఏడవని బిడ్డను చన్నీళ్ళలో ముంచిన సంగతి ఇంకొకటి. ఒకటి రాస్తే దాని వెనకే మరొకటి గుర్తొచ్చేది. పొద్దున్న చేతులు కడుక్కున్నాక చేయడానికి పని ఒకటి దొరికింది. చాలా ఏళ్ళ తరువాత తాను ఎవరికో పనికొస్తున్నానని ఆమెకు అనిపించింది. ఆ సంతోషాన్ని నేను తప్పు పట్టను. తరువాత జరిగినదానికి మాత్రం తప్పు పట్టక తప్పదు.

కార్డుల్ని ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టింది. అట్టముక్కలు కత్తిరించి అరలు చేసింది. నీళ్ళ అర, మంచు అర, పాల అర, బాలింతల అర. చిజురుకి ఆ అరలు నచ్చలేదు. "ఇప్పుడే గదులు కట్టెయ్యకు పెద్దమ్మా. ఏది దేని పక్కన చేరితే ఏం చెబుతుందో చూడాలి, ఈ పద్ధతిలో ఉన్న మజాయే అది" అని పోరింది. కినుయె వినలేదు. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంటి సంగతి పక్కన చేరకుండా చూడటమే జీవితమంతా ఆమె చేసిన పని.

ఆరువందల పద్నాలుగు కాన్పుల్లో ఒక్కదాని జోలికి మాత్రం ఆమె పోలేదు.

ఫుసాయెకు పిల్లలు కలగలేదు. ఆమె ఆఖరి చెల్లెలు ఇత్సుయె పంతొమ్మిదేళ్ళప్పుడు, పెళ్ళి కాకుండానే కడుపుతో, నూలుమిల్లు నుంచి తిరిగొచ్చింది. ఆ శీతాకాలమంతా చెల్లెల్ని పుట్టింటి వెనక బొగ్గుల కొట్లో దాచారు. అక్క కడుపుకు దూది కట్టుకుని ఊళ్ళో తిరిగింది. పుట్టిన బిడ్డను అక్క కడుపున పుట్టినట్టే కాగితం మీద రాసి, సంతకం పెట్టింది కినుయే. ఆ కాలంలో అలాంటి సంతకం పెట్టిన మంత్రసాని ఆమె ఒక్కతే కాదు. ఆ బిడ్డే చిజురు.

ఇత్సుయె ఒసాకా వెళ్ళిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఏటా ఆగస్టులో పితృదేవతల పండుగకు మాత్రం వచ్చి, ‘ఒసాకా పిన్ని’గా ఒక పూట కూర్చుని వెళ్ళేది. చిజురుకు ఈ సంగతి తన వల్ల ఎన్నటికీ తెలియదని కినుయె ఫుసాయె ఇంట్లో, పెద్దల పూజా అలమర ముందు ఒట్టు వేసింది. ఇరవయ్యేడేళ్ళు ఆ ఒట్టు నిలబెట్టుకుంది.

పోయిన ఏడు ఇత్సుయె ఒసాకాలో చనిపోయింది, నలభై అయిదేళ్ళకే. ఈ ఆగస్టు పండుగకు ఆమె రాలేదు, ఆమె కోసం దీపం వెలిగించారు. ఆ మర్నాడు కినుయె డబ్బా ముందు కూర్చుని మూడు కార్డులు రాసింది. మూడు నెలలుగా ఉన్నదున్నట్టు రాయడం మరిగిన చెయ్యి ఆగలేదు, అంతే. మంచు కార్డు మీద, షోవా చక్రవర్తి ఏలుబడి లెక్కలో ఏడు వేసి, ఇలా రాసింది: "షోవా 22, జనవరి 19. నడుముల్లోతు మంచు. వాకిలి నుంచి కొట్టు దాకా గడ్డితాడు కట్టారు. అది పట్టుకుని నడిచాను." పాల కార్డు: "జనవరి 19న పుట్టిన ఆడపిల్ల. బడి పంతులుగారి మేక పాలు, సగం నీళ్ళు కలిపి, సీసాతో పట్టించాను." మూడోది రొమ్ముల గురించి: "జనవరి 19 కాన్పు. తల్లికి పంతొమ్మిదేళ్ళు, తొలి కాన్పు. బిడ్డ దగ్గర లేదు. పాలు పొంగి రొమ్ములు గట్టిపడ్డాయి. గుడ్డతో బిగించి కట్టాను. ఆ పిల్ల అరవలేదు."

మూడూ మూడు అరల్లోకి పోయాయి. పేరు లేదు, ఇల్లు లేదు. ఒక ఉత్తరాన్ని మూడు ముక్కలు చేసి మూడు ఇళ్ళ పొయ్యిల్లో వేసినంత భద్రమనుకుంది కినుయె. అంత అనుభవమున్న మనిషికి ఆ మాత్రం తెలివి లేకపోయిందా అంటారా, లేకపోయింది.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం చిజురు వచ్చింది. కినుయె పెరట్లోకి వెళ్ళి నాలుగు పెర్సిమన్ పళ్ళు కోసుకుని, చెక్కు తీసి పళ్ళెంలో పెట్టుకుని వచ్చేసరికి, డబ్బా ఖాళీగా ఉంది. గది నిండా చాపల మీద కార్డులు పరిచి ఉన్నాయి.

"నీ గదులన్నీ కూల్చేశాను పెద్దమ్మా!" అంది చిజురు మోకాళ్ళ మీద పాకుతూ. "తేదీల వరసన పేరుస్తున్నా. చూడు, ఎంత బాగుందో!"

కినుయె పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ పిల్ల చెయ్యి షోవా ఇరవై దాటింది, ఇరవయ్యొకటి దాటింది.

"ఇదిగో, నా పుట్టినరోజు! నా మీద మూడు కార్డులు రాసి చెప్పనేలేదేం?" చిజురు ముఖం వెలిగిపోతోంది. "ఈ మేకపాలు నాకే. అమ్మకు పాలు పడలేదని మేకపాలతో పెంచారట, అమ్మ ఎప్పుడూ చెబుతుంది. నడుముల్లోతు మంచా? పాపం, నా కోసం ఎంత కష్టపడ్డావు పెద్దమ్మా." మూడో కార్డు అందుకుని పైకే చదవసాగింది. "తల్లికి పంతొమ్మిదేళ్ళు..."

అక్కడ ఆగింది. మిగతాది లోపలే చదువుకుంది. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"తేదీ పొరపాటు పడినట్టుంది" అంది కినుయె.

"నువ్వా? తేదీ పొరపాటా?" చిజురు తలెత్తలేదు. "ఆ జనవరిలో ఈ ఊళ్ళో పుట్టింది నేనొక్కదాన్నే. ఆఫీసు పుస్తకంలో ఎన్నిసార్లు చూసుంటాను. అప్పటికి అమ్మకి ముప్ఫయ్యారు." వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అప్పుడు పంతొమ్మిదేళ్ళంటే, పిన్ని."

ఆ తేదీ కార్డులు ఏరి సంచిలో వేసుకుంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

తేరుకున్నాక పళ్ళెం అక్కడే వదిలి, ఏటవాలు దారిన పడుతూ లేస్తూ ఫుసాయె ఇంటికి పరుగెత్తింది. ఫుసాయె ఊరగాయ కోసం ముల్లంగి దుంపలు తాళ్ళకు కట్టి చూరు కింద ఆరేస్తోంది. చిజురు ఇంకా ఇంటికి రాలేదు. కినుయె నిలబడే అంతా చెప్పింది.

"రాశావా?" అంది ఫుసాయె.

"పేరు రాయలేదు చెల్లీ."

"అబ్బో! పేరొక్కటే రాయలేదు, మిగతావన్నీ రాశావు." ఫుసాయె తాడు ముడి బిగించింది. "నీ నోటి చేత ఒట్టు వేయించుకున్నాను. నీ చేతి చేత కూడా వేయించుకోవాలని నాకు తోచలేదక్కా. ఎన్నిసార్లు చచ్చి బతికానో తెలుసా నీకు? దానికి జ్వరమొచ్చి రక్తం పరీక్ష చేస్తామన్నప్పుడల్లా, అది అద్దంలో మొహం చూసుకున్నప్పుడల్లా. మొగుడు పోయినప్పుడు కూడా అంత భయపడలేదు నేను. అది నన్ను వదిలిపోతే నాకెవరున్నారు?"

కినుయె తల వంచుకుంది. అనాల్సినవన్నీ అనిపించుకోవడానికే వచ్చింది ఆమె.

పొద్దు వాలకముందే చిజురు వచ్చింది. ఇంతసేపూ బస్సు ఆగే చోట బల్ల మీద కూర్చుందట. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఎక్కలేదు. కళ్ళు ఎర్రగా లేవు, ముఖం మాత్రం పాలిపోయింది. చూరు కిందున్న వంటింటి అరుగు మీద కార్డులు పరిచింది. మూడు కాదు, నాలుగు.

"చిజురూ..." అంది ఫుసాయె.

"నిన్ను తర్వాత అడుగుతానమ్మా. ముందు పెద్దమ్మని అడగాలి." నాలుగో కార్డు కినుయె వైపు జరిపింది. "ఇది మూడోదానికి అంటుకుని వచ్చింది. తేదీ వేశావు. పైన ‘ఎత్తుకోవడం’ అని రాశావు. కింద ఏమీ లేదు. ఏం రాయబోయావు? పిన్ని నన్ను ఎత్తుకుందా?"

కినుయె నోరు తెరిచేలోపు ఫుసాయె జవాబు చెప్పింది.

"ఎత్తుకోలేదమ్మా. చూడను కూడా చూడనని మొహం తిప్పేసుకుందట. మీ పెద్దమ్మే చెప్పింది, నిన్ను తెచ్చి నా ఒళ్ళో పెడుతూ. కన్నబిడ్డను చూడనన్న మనిషి, తర్వాత ఏటేటా ఏ ముఖం పెట్టుకుని వస్తుందని నాకు ఒళ్ళు మండేది. నీకు జడ వేస్తానంటే వేయనివ్వలేదు. రెండో పూట ఉండమని ఒక్కసారి అనలేదు."

కినుయె మట్టి నేల మీద అలాగే చతికిలబడింది.

"మొహం తిప్పుకోలేదు" అంది. "చేతులు చాపింది. ఒక్కసారి ఇవ్వమంది. ఒక్కసారి ఎత్తుకుంటే ఇక వదలదని నేనే ఇవ్వలేదు. మేం అలాగే చేసేవాళ్ళం అప్పుడు. దుప్పట్లో చుట్టి తెచ్చేశాను. నిజం చెబితే నువ్వు బిడ్డను తీసుకోవడానికి వెనకాడతావని, మొహం తిప్పుకుందని చెప్పాను చెల్లీ. అబద్ధం చెప్పాను."

అరుగు మీద నాలుగో కార్డు అలాగే ఉంది.

"ఎన్నిసార్లు అడిగింది?" అంది చిజురు.

"తాడు పట్టుకుని వాకిలి దాకా వచ్చేశాను. అప్పటికీ అడుగుతూనే ఉంది."

ఫుసాయె ముల్లంగి దుంపలు కింద పెట్టి అరుగు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "పాతికేళ్ళు వచ్చింది నా చెల్లెలు" అంది ఎవరివైపూ చూడకుండా. "పాతికేళ్ళూ చాప చివర కూర్చోబెట్టాను. టీ ఇచ్చి, బస్సు టైమయిందని చెప్పేదాన్ని."