నీ వైపా, నా వైపా

మెర్వ్ టక్‌వెల్‌కి కుడి ఎడమలు తెలియవు. మొన్నమొన్నటిదాకా ఈ సంగతి మా మెరింగా ఊళ్ళో ఎవరికీ తెలియదు. జీవితమంతా మాంసం కొట్టు నడిపిన మనిషి, గొర్రెని ఏ కీలు దగ్గర విడదీయాలో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, "ఎడమకి తిరుగు" అంటే బిక్కమొహం వేస్తాడంటే ఎవరు నమ్ముతారు? తెలిసింది ఒక్కరికే, ఆయన భార్య డాట్‌కి. ఆవిడ ఆ రహస్యాన్ని పెళ్ళయిన నాటి నుంచీ కడుపులో దాచుకుంది. ఇంకెవరి విషయమైనా అయితే డాట్ నోట్లో నువ్వుగింజ నానదని మా అందరికీ తెలుసు.

తప్పు మెర్వ్‌ది కూడా కాదు. చిన్నప్పుడు ఎడమచేత్తో రాస్తున్నాడని బళ్ళో పంతులమ్మ వేళ్ళ మీద స్కేలుతో కొట్టి కొట్టి చెయ్యి మార్పించింది. చెయ్యి మారింది గానీ ఆ రెండు మాటలూ బుర్రలో చిక్కుపడిపోయాయి. నిదానంగా ఆలోచించి చెప్పమంటే చెప్పగలడు. కారు తోలుతూ ఆలోచించే తీరికేదీ?

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సముద్రం చూద్దామని బయల్దేరారు. డాట్ ఒళ్ళో మ్యాపు పరుచుకుని "ఎడమకి" అంది. మెర్వ్ కుడికి తిప్పాడు. కారు వెళ్ళి ఎవరిదో పందుల దొడ్లో ఆగింది. తరవాతి మలుపు దగ్గర డాట్ ఒక్క వెర్రికేక పెట్టింది. "నా వైపు! నా వైపు తిప్పు!" మెర్వ్ చక్కగా తిప్పాడు. అంతే, ఆనాటి నుంచి ఆ కార్లో కుడీ లేదు, ఎడమా లేదు. డాట్ కూర్చున్నది "నా వైపు", మెర్వ్ కూర్చున్నది "నీ వైపు". ఆ రెండు ముక్కలతో ఖండమంతా చుట్టి వచ్చారు. ప్రతి చలికాలం కారు వెనకాల కారవాన్, అదే చక్రాల మీద ఇల్లు, తగిలించుకుని ఉత్తరాన వెచ్చటి సముద్రం ఒడ్డుకి పోయేవారు. కారు ఎటు తిరిగితే డాట్ మ్యాపుని అటు తిప్పుకునేది, ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుని కూడా దారి చెప్పేది. ఆవిడకి డ్రైవింగ్ రాదు. ఒకసారి నేర్చుకోబోయి పోస్టాఫీసు గోడని గుద్ది, ఇక చాలనుకుంది. అయినా ఆ కారు నడిపేది తానేననీ, మెర్వ్ ఉత్తినే స్టీరింగు పట్టుకుంటాడనీ ఆవిడ నమ్మకం. అందులో అబద్ధమేమన్నా ఉందా చెప్పండి!

ఇప్పుడొచ్చింది అసలు చిక్కు. మా దగ్గర ఎనభై అయిదు నిండితే మళ్ళీ రోడ్డు మీద కారు నడిపి చూపించాలి. పక్కన కూర్చునేది భార్య కాదు, పరీక్ష పెట్టే అధికారి. ఆ అధికారి "నా వైపు" అనడు, "ఎడమకి" అంటాడు. పరీక్ష తప్పితే ఊళ్ళో షాపుకీ డాక్టరు దగ్గరికీ పోవడానికి మాత్రమే పనికొచ్చే లైసెన్సు చేతిలో పెడతారు. ఇక సముద్రం లేదు, కారవాన్ లేదు, మ్యాపుతో పనే లేదు. డాట్‌కి గుండెల్లో రాయి పడింది.

"దానికో ఉపాయం ఉంది," అన్నాడు మెర్వ్ టీ తాగుతూ. "మన కారవాన్ క్లబ్బులో వాళ్ళందరి కార్లలోనూ చూళ్ళేదూ, దారి చెప్పే పెట్టె? అదొకటి కొందాం. అది పొద్దస్తమానం కుడీ ఎడమా అంటూనే ఉంటుంది. వినీ వినీ నాకే వచ్చేస్తుంది."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

"నువ్వా? హాయిగా కూర్చో."

హాయిగా కూర్చోవాలట! డాట్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తను ఆ సీట్లో కూర్చుందా, కొలువు చేసిందా? ఎటు చూసినా తనకే నష్టం. మెర్వ్ పరీక్ష తప్పితే కారు ఊరు దాటదు. నెగ్గితే దారి చెప్పడానికి పెట్టె ఉంటుంది, తను సామాను కింద లెక్క. అయినా సామానుగానైనా సముద్రం దాకా వెళ్ళడమే నయమనుకుని, కోటు తొడుక్కుని మొగుడి వెంట షాపుకి బయల్దేరింది.

పక్క టౌన్లో ఆ షాపు నడిపేది క్రెయిగ్ అనే గడ్డం మనిషి. "ఇదంతా ఫోన్లోనే వస్తుంది కదండీ," అన్నాడు.

మెర్వ్ జేబులోంచి పాతకాలపు మడత ఫోను తీసి చూపించాడు. క్రెయిగ్ దాన్ని గౌరవంగా చూసి ఊరుకున్నాడు.

"పైగా గోధుమ గోదాములు దాటితే మాకు సిగ్నలే ఉండదు నాయనా," అంది డాట్.

"అయితే ఇదే మీకు కరెక్ట్. సిగ్నల్‌తో పన్లేదు, ఆకాశంలో ఉపగ్రహాన్ని చూసుకుంటుంది. ఇది చిన్న తెర. ఇది పెద్ద తెర. ఇదేమో కారవాన్ వాళ్ళ కోసం, బండి పొడుగూ ఎత్తూ చెప్పేస్తే ఇరుకు దార్లకి తీసుకుపోదు. పైగా జీవితకాలం మ్యాపులు ఉచితం."

"ఎవరి జీవితకాలం?" అన్నాడు మెర్వ్.

"అంటే... దీనిది సార్."

"నాదీ దానిదీ చూస్తే ఏది ముందు ముగుస్తుందంటావ్?"

క్రెయిగ్ గడ్డం గోక్కున్నాడు.

డాట్ ముందుకొచ్చింది. ఆ పెట్టెకో పరీక్ష పెడితే గానీ ఆవిడకి తృప్తి లేదు. ఉత్తరాన సముద్రానికి దారి అడగమంది. క్రెయిగ్ నొక్కాడు. తెర మీద నీలం గీత పెద్ద రోడ్డు వెంట చకచకా పాకింది.

"తప్పు," అంది డాట్.

"తప్పెలా అవుతుందండీ, అదే దగ్గర దారి."

"ఆ దార్లో మంచి టీ దొరకదు."

ఇక గొంతు ఎంచుకోవాలి. ముందు మగ గొంతు వినిపించాడు. "నా కార్లో ఇంకో మగాడు నాకు చెప్పడమేమిటి?" అన్నాడు మెర్వ్. తరవాత ఒక ఆడ గొంతు వినిపించాడు. "రెండు వందల మీటర్ల తరవాత, ఎడమకు తిరగండి," అంది అది, పంచదార పాకంలో ముంచి తీసినట్టు.

"బావుంది," అన్నాడు మెర్వ్.

"బావుండకేం," అంది డాట్.

ఇంటికి వచ్చే లోపలే డాట్ దానికి మహారాణి అని పేరు పెట్టేసింది. అద్దానికి అతుక్కుని, అందరికంటే ముందు కూర్చుని, ఎవరికీ వంట చెయ్యకుండా ఆజ్ఞలిచ్చేదాన్ని ఇంకేమంటారు?

మర్నాటి నుంచి సాధన మొదలైంది. షరతు ఒక్కటే, డాట్ నోరు మెదపకూడదు. మహారాణి ఎడమకు తిరగమంటుంది, మెర్వ్ కుడికి తిప్పుతాడు, డాట్ పిప్పరమెంటు బిళ్ళని పళ్ళ కింద పటపటలాడిస్తుంది. "వీలైన చోట వెనక్కి తిరగండి," అంటుంది మహారాణి, అదే పాకం గొంతుతో.

"చూశావా," అన్నాడు మెర్వ్ మురిసిపోతూ. "ఎన్నిసార్లు తప్పినా విసుక్కోదు."

"దానికి నీతో కాపురం చేసే పని లేదుగా!"

"నోరు మెదపనన్నావ్."

ఆ రోజు స్కోన్లనే చిన్న రొట్టెలు తినడానికి చర్చి హాలుకని బయల్దేరి ఊరి చెత్తకుప్ప దగ్గర తేలారు. మెర్వ్ ఎన్ని తప్పులు తిరిగాడో, మహారాణి ఎన్నిసార్లు దారి మార్చుకుందో, ఆఖరికి చెత్తకుప్ప గేటు ముందు "మీరు గమ్యం చేరుకున్నారు" అంది. మెర్వ్ బయల్దేరేటప్పుడే ఏదో తప్పు నొక్కి ఉంటాడు లెండి, దాన్నని ఏం లాభం? ఇంకో రోజు కెల్విన్ అనే రైతు గేటు ముందుకి పదేపదే వచ్చారు. మొదటిసారి ఆయన చెయ్యి ఊపాడు. ఆ తరవాత టోపీ తీశాడు. ఆఖరుసారి గొర్రెల్ని తోలడం ఆపి, కంచె మీద వాలి, "ఏం మెర్వ్, పొలం కొంటున్నావా ఏంటి?" అని అరిచాడు. మెర్వ్ అద్దం ఎక్కించేశాడు.

అలా కొన్నాళ్ళు గడిచాక ఓ చిత్రం జరిగింది. మహారాణి ఎడమ అంటే మెర్వ్ ఎడమకే తిప్పడం మొదలుపెట్టాడు. కుడి అంటే కుడికే. తడబాటు లేదు, తప్పు లేదు. తిన్నగా చర్చి హాలుకి వెళ్ళి, ఆనందం పట్టలేక స్కోను మీద జామ్ రెండు చెంచాలు వేసుకున్నాడు.

డాట్ ఆ స్కోను ముట్టుకోలేదు. సంతోషించాలని ఆవిడకి తెలుసు. సంతోషించడం చేతకాలేదు. తను ఏళ్ళ తరబడి నేర్పలేనిది ఆ అరచేతి పెట్టె నాలుగు వారాల్లో నేర్పేసింది. ఇంటికొచ్చి మ్యాపులన్నీ మడతపెట్టి బీరువా పైన పడేసింది. మెర్వ్ అది చూసి కూడా ఏమీ అనలేదు. ఒక్క మాటంటే ఆయన సొమ్మేం పోయింది?

పరీక్ష రోజు వచ్చింది. లైసెన్సుల ఆఫీసు ముందు కారాపి, మెర్వ్ మహారాణిని అద్దం మీంచి ఊడబెరికి డాట్ చేతిలో పెట్టాడు.

"నీకో మాట చెప్పాలి," అన్నాడు. "నాకేం రాలేదు, డాట్."

"ఏం రాలేదు?"

"కుడీ ఎడమా. అది చెప్పేది నేనెప్పుడూ విన్లేదు. నిన్ను చూసేవాణ్ణి."

"నన్నా? నేను కిక్కురుమంటే ఒట్టు!"

"నోరు మూసుకున్నావులే, గడ్డం మూసుకోలేదుగా. అది ఎడమ అనగానే నీ గడ్డం కిటికీ వైపు పోతుంది. కుడి అంటే నా వైపు తిరుగుతుంది. ఓరకంట అదే చూసుకుని తిప్పేవాణ్ణి."

డాట్‌కి ప్రాణం లేచి వచ్చింది. అంటే మహారాణి ఓడిపోయింది! ఇన్నాళ్ళూ దారి చూపింది తనే! ఆవిడ మొగుడి బుగ్గ మీద ముద్దు పెట్టబోయి, సగంలో ఆగిపోయింది.

"మరి ఇవాళ నా గడ్డం కార్లో ఉండదుగా?"

"అదే చెప్తున్నా," అన్నాడు మెర్వ్ నీరసంగా.

"వెధవాయ్! ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!"

ఈలోగా పరీక్ష పెట్టే ఆవిడ రానే వచ్చింది. పేరు రోవీనా. నవ్వు మొహమే గానీ చేతిలో పలక లాంటి యంత్రం ఒకటుంది. "అమ్మా, మీరు కాస్త దిగాలి. ఆ సీటు నాది," అంది.

డాట్ దిగింది. ఈ వయసు వచ్చేదాకా తన సీట్లోంచి తనని దిగమన్నవాళ్ళు ఎవరూ లేరు. గేటు దగ్గర రోవీనా ఏదో అనడం, మెర్వ్ ఇండికేటర్ వెయ్యడం, రోవీనా తల చటుక్కున ఆయన వైపు తిరగడం, మూడూ అక్కణ్ణించి స్పష్టంగా కనిపించాయి. అయిపోయింది, అనుకుంది డాట్. మొదటి మలుపులోనే అయిపోయింది.

ఆఫీసు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరగడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి కోటు జేబులోంచి గొంతు వినిపించింది. "వీలైన చోట వెనక్కి తిరగండి." మెర్వ్ దాన్ని ఆపడం మరిచిపోయాడు.

"నోర్ముయ్," అంది డాట్.

"ఎడమకు తిరగండి."

"తిరిగి ఎక్కడికే పోను? కారే పోయింది కదా." బెంచీ మీద కూలబడి, పెట్టెని జేబులోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన ఫారం నింపుకుంటున్న మనిషి కాస్త దూరంగా జరిగాడు. "నిన్నూ దింపేశారు, నన్నూ దింపేశారు," అంది దాంతో, మెల్లగా. "నువ్వు చెప్పింది ఆయన విన్లేదుట తెలుసా? పాపం, గొంతు చించుకున్నావు." అలా అన్నాక ఆవిడకి దాని మీద కోపం కాస్త తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు. సముద్రం కళ్ళముందు ఆడుతోంది.

కారు తిరిగొచ్చింది, కానీ వెళ్ళిన గేటులోంచి కాదు, అవతలి గేటులోంచి. మెర్వ్ మొహం ఎర్రగా ఉంది. డాట్ పరిగెత్తినంత పనిచేసింది.

"తప్పాడా?" అంది రోవీనాతో. "నిజం చెప్పమ్మా, నేను తట్టుకుంటాను."

"ఎందుకు తప్పుతారు?" అంది రోవీనా. "నేను ఎడమన్నప్పుడు కుడికి పోయారు, కుడన్నప్పుడు ఎడమకి పోయారు. ఈ ఊళ్ళో నేనెప్పుడూ చూడని వీధులు చూపించారు. కానీ ఎటు పోయారన్నదానికి మార్కుల్లేవండీ, ఎలా పోయారన్నదానికే మార్కులు. అద్దం చూశారు, ఇండికేటర్ వేశారు, ఆగాల్సిన చోట ఆగారు. నెగ్గారు."

నెల రోజుల చెత్తకుప్పలూ కెల్విన్ గొర్రెలూ డాట్ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఎవరైనా ఒక్క ముక్క ముందే అడిగి తెలుసుకుంటేనా! నవ్వాలో ఏడవాలో తెలియక మెర్వ్ భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఒక్క సంగతుందండీ," అంది రోవీనా గొంతు తగ్గించి. "డాట్ అంటే మీరేనా?"

"నేనే. ఏం?"

"ప్రతి మలుపు దగ్గరా 'డాట్, ఎటు? నీ వైపా, నా వైపా?' అని అడిగారు. నా పేరు రోవీనా అని మొదట్లో చెప్పి చూశాను. ఆఖర్న నేనే 'నా వైపు' అని పలికేశాను. అదొక్కటీ సరిగ్గా తిరిగారు."

డాట్ గిర్రున మెర్వ్ వైపు తిరిగింది. "ఎవరో పరాయి ఆవిణ్ణి పట్టుకుని నా పేరుతో పిలుస్తావా? సిగ్గులేదూ?"

మెర్వ్ నెత్తి గోక్కున్నాడు. "నేనేం చెయ్యనే? ఆ సీటు పేరే డాట్ అనుకున్నా."

డాట్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. పెట్టెని వెనక సీట్లో పడేసి, ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.