గౌలిపురకు వచ్చిన హాలెండాయన

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఇద్దరు విదేశీయుల కోసం నిలబడ్డాను. డెయిరీలకు పాలు పితికే యంత్రాలు అమ్మే ఒక చిన్న కంపెనీ ఆఫీసులో నా ఉద్యోగం. మా వాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఆ ఇద్దరికీ సెలవు రోజున పాతబస్తీ చూపించే పని నా నెత్తిన పడింది. "నువ్వు గౌలిపుర పిల్లవే కదా, నీకంటే బాగా ఎవరు చూపిస్తారు?" అన్నాడు మేనేజరు. యాభై దగ్గర పడుతున్నదాన్ని పిల్ల అన్నందుకే ఒప్పుకున్నానని మా ఆయన ఆటపట్టించాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.

గ్యారీ అమెరికా ఆయన. అరవై దాటిన గుండ్రటి మనిషి. మెట్రో ఎస్కలేటరును చూసి కూడా "అద్భుతం" అన్నాడు. పీటర్ హాలెండ్ ఆయన. నలభై అయిదేళ్ళుంటాయి. ఎంత పొడుగంటే, అవసరం లేకపోయినా అలవాటు కొద్దీ రైలు తలుపు దగ్గర తల వంచుతాడు. టికెట్టు మనిషికి నలభై రూపాయలు దాటలేదు. ఆదివారం కాబట్టి సీట్లు దొరికాయి. పీటర్ మాత్రం కూర్చోకుండా తలుపు పైన ఉన్న స్టేషన్ల పటం చదువుతూ నిలబడ్డాడు.

"రోజంతా ఆయనతో తిరగాలి. హాలెండ్ వాళ్ళ సంగతి మీకు కొంచెం చెప్పి ఉంచుతాను" అన్నాడు గ్యారీ నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి. ఆ తగ్గించిన గొంతు రెండు పెట్టెల అవతలికి వినిపించింది. "వాళ్ళు పరమ పిసినారులు. కాఫీతో ఒక్క బిస్కెట్టిచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. హోటలుకు వెళితే ఎవరి బిల్లు వాళ్ళదే. మా దేశంలో ఆ పద్ధతికి వాళ్ళ పేరే పెట్టి 'డచ్' అంటాం. ఇక నోరు. మీ చీర బాగా లేకపోతే బాగా లేదని మీ మొహం మీదే అంటారు. దేన్ని చూసీ ఆశ్చర్యపోరు. కొండలు లేని దేశం, తల పైకెత్తి చూసే అలవాటే లేదు."

"మీరు హాలెండ్ ఎన్నిసార్లు వెళ్ళారు?" అని అడిగాను.

"ఆమ్‌స్టర్‌డాం ఎయిర్‌పోర్టులో విమానం మారాను" అన్నాడు. తర్వాత కొంచెం సర్దుకుని, తమ పక్క ఊళ్ళో ఒకప్పుడు హాలెండ్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళున్నారనీ, అక్కడ ఏటా తులిప్ పూల పండగ చేసి, చెక్క చెప్పులేసుకుని వీధులు కడుగుతారనీ చెప్పాడు.

"చెక్క చెప్పులు నేనెప్పుడూ వేసుకోలేదు" అన్నాడు పీటర్ పటం మీంచి చూపు తిప్పకుండానే. "మా తాత పశువుల కొట్టంలో వేసుకునేవాడు. పేడలో కాలు తడవదు."

"చూశారా?" అన్నాడు గ్యారీ నాతో.

గ్యారీ మాటలు నేను నమ్మకుండా ఉండాల్సింది. గౌలిపుర అంటే పాలవాళ్ళ పేట. ఆ పేరు వినగానే "పాలల్లో నీళ్ళు ఎంత కలుపుతారు?" అని చిన్నప్పుడు బడిలో అడిగారు, ఇప్పుడు ఆఫీసులో అడుగుతున్నారు. అయినా నమ్మేశాను. వినడానికి సరదాగా ఉంది మరి.

ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాం. ఆటోవాడు వంద అడిగి ఎనభైకి ఒప్పుకున్నాడు. ఉస్మాన్‌గంజ్ వైపు దుకాణాలు మూసి ఉన్నా ఎండుమిర్చి ఘాటు రోడ్డు దాకా వచ్చి ముగ్గురినీ తుమ్మించింది. నయాపూల్ దాటి, మదీనా మలుపు తిరిగి, పత్తర్‌గట్టీ రాతి కమానుల మధ్య నుంచి పోతుంటే ఎదురుగా చార్మినార్ లేచింది. ఎన్ని వందలసార్లు చూశానో. అయినా ఆ మలుపు దగ్గర నాకు ఊపిరి ఒక్క క్షణం నిలుస్తుంది. నాలుగు రోడ్ల జనాన్నీ, బండ్లనూ, గాజుల దుకాణాలనూ కాళ్ళ సందున ఆడుకోనిచ్చి, తాను మాత్రం ఎండలో నిమ్మళంగా నిలబడి ఉంటుంది. మా ఊళ్ళో ఇలాంటిది ఉందన్న గర్వంతో నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"అద్భుతం, అద్భుతం" అన్నాడు గ్యారీ. పీటర్ తలెత్తి చాలాసేపు చూశాడు. "సున్నం ఈ మధ్యనే వేశారు" అన్నాడు. అంతే.

పైకి వెళ్ళడానికి మనకు ఇరవై అయిదు రూపాయలు, విదేశీయులకు మూడు వందలు. "నాకు పన్నెండు రెట్లు ఎందుకు?" అని పీటర్ కౌంటరు దగ్గర అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని. లోపలి మనిషి "క్యా బోల్‌రే భాయ్?" అన్నట్టు, ఏమంటున్నాడో చెప్పమని నా వైపు చూశాడు. మీరెవరైనా ఇలాంటి అతిథులతో వెళితే జవాబు ముందే తయారుచేసి పెట్టుకోండి.

అక్కడి నుంచి మక్కా మసీదు. ప్రవేశానికి డబ్బు లేదు, మోకాళ్ళు కనిపించే బట్టలు మాత్రం కుదరవు. లోపలి కమానుల కింద నిలబడితే మనిషికి తన మాట తనకే చిన్నగా వినిపిస్తుంది. అంతంత రాళ్ళు, ఎద్దుల బండ్ల మీద తెచ్చి నిలబెట్టారంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. పీటర్ రాతిని అరచేత్తో తడిమి, "అంత ఎత్తున బూజు ఎలా దులుపుతారు?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం లోపల ఈ మనిషి నోట ఒక్క 'అబ్బ' అయినా అనిపించకపోతే నేను గౌలిపురలో పుట్టినదాన్నే కాదనుకున్నాను.

ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాం. పీటర్ తన వాటా చిల్లరతో సహా బల్ల మీద పెట్టాడు. గ్యారీ నాకు కన్ను గీటాడు.

ఒంటిగంటకు షాలిబండ దగ్గర బిర్యానీ తింటుండగా మా అన్న మల్లేశ్ ఫోన్ చేశాడు. గౌలిపురలో మా అమ్మ, అన్న కుటుంబం ఉంటారు. ఒకప్పుడు పన్నెండు బర్రెలున్న కొట్టంలో ఇప్పుడు సుక్కి ఒక్కతే మిగిలింది. దాన్ని పిండేది అమ్మ ఒక్కతే. శుక్రవారం రాత్రి అమ్మ వాకిట్లో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు వేశారు.

"చెల్లె, సుక్కి నిన్న పొద్దటి సంది చేపుతలేదు" అన్నాడు అన్న. బర్రె పాలను చన్నులలోకి దింపడాన్ని మా వాళ్ళు చేపడం అంటారు. "పొదుగు రాయి లెక్క అయింది. డాక్టరు సూది ఏస్త అంటుండు. సూదికి అలవాటైతే ఇగ చేతికి రాదని అమ్మ ఒద్దంటుంది, ఏడుస్తుంది. సాయంత్రం దాక చూస్త. కాకుంటే అమ్మేసుడే. నేనేం చెయ్యాలె?"

వెనక వినిపిస్తున్నది అమ్మ ఏడుపేనని తెలిసి ప్లేటు పక్కకు నెట్టాను. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ నలుగురిలో ఏడవలేదు.

సంగతి చెప్పాను. "మేం హోటలుకు వెళ్ళిపోతాం, మీ ఇంటికి వచ్చి ఇబ్బంది పెట్టం" అన్నాడు గ్యారీ. పీటర్ అప్పటికే లేచి చేయి కడుక్కుంటున్నాడు. "నేనూ వస్తాను. బర్రెను చూడాలి" అన్నాడు.

రెండున్నరకు గౌలిపుర గల్లీ చివర ఆటో దిగాం. మా ఇల్లు రెండు గదులు, వెనక రేకుల కొట్టం. అమ్మ మెడకు వేలాడగట్టిన చేయితో సుక్కి తల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి, నా వెనక పీటర్‌ను చూసి, "ఏందే బిడ్డా, రేకులు తలిగేటట్టున్నడు, ఎవలాయన?" అంది. చెప్పాను.

గ్యారీ ముందుకొచ్చి, "ఎంత అందమైన పశువు. దిగులు పడకండి, అంతా బాగవుతుంది" అన్నాడు.

"ఏమంటుండు?"

"అంత మంచిగైతది అంటుండమ్మా."

"ఎట్ల?" అని అడిగింది అమ్మ. అది గ్యారీకి ఇంగ్లీషులో చెప్పాను. పాపం, ఆయన సుక్కి కొమ్ముల వైపు చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

పీటర్ కొట్టంలో ఒక మూల నిలబడి చూస్తున్నాడు. మల్లేశన్న మరోసారి ప్రయత్నించాడు. దూడను వదిలి, కాసేపు చీకనిచ్చి, పక్కకు కట్టి, బకెట్టుతో కూర్చున్నాడు. చేయి వేయగానే సుక్కి వెనక్కాలు విదిలించింది. బకెట్టు గోడకు తగిలి దొర్లింది.

"మీకు దాన్ని చూస్తే భయం" అన్నాడు పీటర్ అన్నతో. "ఆ సంగతి దానికి తెలుసు."

గ్యారీ నా మోచేయి పట్టుకున్నాడు. "అది అనువదించకండి. హాలెండ్ వాళ్ళింతే, చెప్పానుగా." కానీ అమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అన్న మొహం నల్లబడింది.

అమ్మ మాత్రం శుక్రవారం తర్వాత మొదటిసారి నవ్వింది. "గదే నేను రెండు దినాల సంది మొత్తుకుంటున్న. ఈయన మనోడే. నా చీర కప్పుకోని కూసోరా, నా వాసనుంటే అది కదలదు అంటే వీడు ఇంటలేడు."

"గల్లీల ఇజ్జత్ పోతదమ్మా" అన్నాడు అన్న. అప్పటికే గోడవతల అయిదారు తలలు లేచాయి.

మనిషి మారితే చేపని బర్రెకు అలవాటైన మనిషి చీర కప్పుకుని పిండటం మా ఇళ్ళలో పాత పద్ధతే. మా నాన్న ఎన్నోసార్లు కప్పుకున్నాడు. ఆ మాటే అతిథులకు వివరించాను. అంతవరకే నా ఉద్దేశం.

"చీర ఏది?" అన్నాడు పీటర్.

"చెయ్యడు చూడండి. వింత పనులంటే వాళ్ళకు గిట్టదు" అని గ్యారీ నా చెవిలో అన్నాడు. అంటుండగానే పీటర్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. అమ్మ తాను నిన్న విడిచిన ఆకుపచ్చ చీర తెమ్మంది, ఉతకనిది. నేనే తెచ్చి ఆయన తల మీదుగా కప్పి, భుజాల చుట్టూ తిప్పాను. చీరంతా పేడ, పాలు, అమ్మ రాసుకునే నొప్పి మందు వాసన. గోడవతల నవ్వులు మొదలయ్యాయి. గ్యారీ ఫోన్ పైకెత్తాడు. ఆ చీరలోని మొహం చూశాడో ఏమో, ఎత్తిన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

పీటర్ గొంతుక్కూర్చుని నుదురు సుక్కి డొక్కకు ఆనించాడు. అమ్మ రెండోవైపు దాని మెడ కింద ఎడంచేత్తో గోకుతూ రోజూ చెప్పే ముచ్చట్లే చెబుతోంది. ఎవరి కోడలు ఏమందో, నల్లా ఎప్పుడొచ్చిందో. ఆయన పొదుగును గోరువెచ్చని నీళ్ళతో కడిగాడు, తడి చేత్తోనే నిమిరాడు. తొందర లేదు. గోడవతల నవ్వులు సన్నగిల్లి ఆగిపోయాయి. సుక్కి ఒకసారి తల తిప్పి, చీర కొంగును వాసన చూసి, పెద్దగా నిట్టూర్చి నెమరు మొదలుపెట్టింది.

తర్వాత బకెట్టు అడుగున సర్రుమని చప్పుడు. ఇంకొకటి. అటుపైన ఆగలేదు.

యంత్రాలు అమ్మే కంపెనీలో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను, ఆ చప్పుడుకు ఏడుపొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అమ్మ ముచ్చట ఆపలేదు కానీ కళ్ళ నీళ్ళు జారి సుక్కి మెడ మీద పడుతున్నాయి. దేవుడెదురుగా ఉన్నప్పుడు నిలబడ్డట్టు అందరం నిలబడ్డాం.

బకెట్టు సగమయ్యాక పీటర్ లేచాడు. చీర తీసి మల్లేశన్న భుజాల మీద వేశాడు. "ఇక మీరు. నేను ఎల్లుండి వెళ్ళిపోతాను" అన్నాడు.

అన్న గోడ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. చీరను తల మీదికి లాక్కుని కూర్చున్నాడు. రెండు క్షణాలు చప్పుడు లేదు. మళ్ళీ సర్రుమంది.

"పాలు సల్లబడకముందే కాగబెట్టు బిడ్డా" అంది అమ్మ నాతో. పీటర్‌కు పెద్ద గ్లాసెడు ఇచ్చింది. అది తాగాక "చాలు" అన్నాడాయన. ఆ మాట అమ్మకు అర్థమైంది కూడా. అయినా ఇంకో గ్లాసు నింపి, "తాగు కొడుకా" అంది. అదీ తాగాడు.

చీకటి పడే వేళకు బయల్దేరాం. వెళ్ళేటప్పుడు దీపాల వెలుగులో చార్మినార్ మళ్ళీ వచ్చింది. ఈసారి గ్యారీ "అద్భుతం" అనలేదు. పీటర్‌చేత 'అబ్బ' అనిపించాలనే కోరిక నాకూ లేదు. ఆయనే మాట్లాడాడు.

"మా కొట్టంలో ఆవులకు యంత్రమే పాలు పితుకుతుంది. నేను కుర్రాణ్ణిగా ఉన్నప్పుడే చేతి పని ఆగిపోయింది. మా అమ్మ పోయిన రోజు సాయంత్రం కూడా ఆవులన్నీ ఎప్పటిలాగే పాలిచ్చాయి." ఆటోలోంచి తల వంచి వెనక్కి చూశాడు. "మీ అమ్మ బర్రె రెండు రోజులు ఇవ్వలేదు."

ఆటో నయాపూల్ దాటేదాకా గ్యారీ చేయి పీటర్ భుజం మీద ఉంది. ఎంజీబీఎస్ దగ్గర పీటర్ ఎప్పటిలాగే ఆటో చార్జీలో తన వాటా లెక్కపెట్టి ఇచ్చాడు. గ్యారీ కన్ను గీటలేదు.

వాళ్ళను సికింద్రాబాద్‌లో దింపి మల్కాజిగిరి బస్సెక్కాను. కాళ్ళు పీకుతున్నాయి, బట్టల నిండా పేడ వాసన. మా ఊరు చూపించి ఒకరిని ఆశ్చర్యపరచాలని పొద్దున బయల్దేరాను. నోరు తెరుచుకుని ఇంటికి వెళ్తున్నది నేనే. అమ్మ ఫోన్ చేసింది.

"రేపు పొద్దుగాల గూడ మల్లేశే పిండుతడట. చీర దండెం మీదనే ఉంచమన్నడు" అంది. గొంతులో మధ్యాహ్నపు తడి లేదు. "వాడకట్టంత ఒక్కటే ముచ్చట బిడ్డా. హాలెండ్ల మొగోళ్ళందరు చీరలు కప్పుకునే పాలు పిండుతరట గద?"

కాదమ్మా, అక్కడంతా యంత్రాలే అని చెప్పబోయాను. గ్యారీ చెప్పిన చెక్క చెప్పుల కథ గుర్తొచ్చింది.

"అవునమ్మా" అన్నాను. "మస్తు మంచిగ పిండుతరు."