చిగుళ్ళ మీద నిఘా

డాక్టరమ్మ మావయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏం చెప్పినా నమ్మడు. "బయట ఎండగా ఉంది మావయ్యా" అంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుని, "ఊఁ, ప్రస్తుతానికి ఉంది" అంటాడు. కాఫీలో చక్కెర వేశానని అత్తయ్య చెబితే, చెంచాతో అడుగుదాకా తిప్పి చూస్తే గాని గుటక వేయడు. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా ఆవిడ మాట ఇంకా విచారణలోనే ఉంది.

దీనికి కారణం ఉద్యోగమని కొందరంటారు. ముప్పై రెండేళ్ళు ఆయన పరీక్ష హాళ్ళలో కాపీ చీటీలు పట్టాడు. సాక్సుల్లో, చొక్కా మడతల్లో, కళ్ళజోడు పెట్టెల్లో, ఒకసారి అరటిపండు తొక్కలో కూడా పట్టాడు. అత్తయ్య మాత్రం, "ఉద్యోగం వల్ల ఈ బుద్ధి రాలేదమ్మా, ఈ బుద్ధి వల్లే ఆ ఉద్యోగం వచ్చింది" అంటుంది.

రిటైరయ్యాక ఆయన చేతులు దురద పెట్టాయి. సరిగ్గా అప్పుడే మేనకోడలు కుక్కలకీ పిల్లులకీ పళ్ళు బాగుచేసే ఆసుపత్రి తెరిచింది. రెండు రోజులు సాయం చేసి వెళతానని వచ్చిన మావయ్య, వెయిటింగ్ రూములో తలుపు పక్క కుర్చీ చూసుకుని అక్కడే పాతుకుపోయాడు. జంతువుని తెచ్చినవాళ్ళు ఎవరైనా ముందు ఆయన్ని దాటాలి.

ఒకరోజు బేకరీ ఆయన గాడిదంత నల్లకుక్కని పట్టుకుని వచ్చాడు.

"రోజూ పళ్ళు తోముతున్నారా?" అన్నాడు మావయ్య.

"తోముతున్నామండీ."

"పొద్దుటా, సాయంత్రమా?"

"పొద్దుటేనండీ. లేవగానే."

"పైన ఎడమవైపు చివరి దవడ పన్ను కూడా తోముతున్నారా?"

"అయ్యో, దాన్ని ముందు తోముతానండీ. తెల్లగా మెరిసిపోతూ ఉంటుంది."

"ఆ పన్ను మా అమ్మాయి రెండు నెలల కిందట పీకేసింది."

మావయ్య కుక్క పెదవి పైకెత్తి, టార్చి వేసి చూసి, "మనుషులు అబద్ధం చెబుతారండీ, చిగుళ్ళు చెప్పవు" అని తీర్పు చెప్పి లోపలికి పంపాడు.

హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి మానేసిన టీచరమ్మ తెల్లపిల్లిని తెచ్చినప్పుడు ఇంకా ఘోరం జరిగింది. వారానికి మూడుసార్లు తోముతానందావిడ. ఏయే రోజుల్లోనో చెప్పమన్నాడు. చెప్పింది. బ్రష్షు రంగేమిటన్నాడు. ఆకుపచ్చ అంది. అయిదు నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడి, ఉన్నట్టుండి మళ్ళీ అడిగాడు. నీలం అంది. పిల్లి పెదవి ఎత్తితే పళ్ళ మొదళ్ళలో పసుపుపచ్చని గార పేరుకుని ఉంది. టీచరమ్మ కోపంతో ఎర్రబడి, "నేను ముప్పై ఏళ్ళు బడి నడిపినదాన్ని. నన్నే అనుమానిస్తారా?" అంది. "అయితే ఈ నాటకాలన్నీ మీకు తెలిసే ఉంటాయి" అన్నాడు మావయ్య వినయంగా.

మేనకోడలినీ వదల్లేదు. ఆమె మత్తిచ్చి గార తీసిన ప్రతి నోరూ ఆయన తిరిగి చూడాల్సిందే. "లోపలి వైపు కూడా గీకావా అమ్మడూ, బయటికి కనబడేదే గీకావా?" అనేవాడు. కుక్కల కోసం తెప్పించిన పేస్టు మీద కోడిమాంసం రుచి అని రాసి ఉంటే, వేలితో కొంచెం తీసి తనే చప్పరించి, "ఇందులోకి కోడి రాలేదు. ఈ పక్కగా నడిచి వెళ్ళి ఉంటుంది" అన్నాడు.

డాక్టరమ్మ పంటి బిగువున భరించింది. ఎనిమిది నెలల కిందట పెట్టిన ఆసుపత్రి, వచ్చేవాళ్ళలో సగం మంది ఆ వీధి వాళ్ళే. అయినా మావయ్య కాబట్టి ఏమీ అనలేదు.

చివరికి ఒక సాయంత్రం బేకరీ ఆయనా, టీచరమ్మా, అదే వీధిలోని టైలరూ కట్టగట్టుకుని వచ్చారు. అప్పటికే మావయ్య ఇంటికి వెళ్ళిపోయాడు.

"డాక్టరమ్మా, మీ మావయ్య తెల్లారకముందే మా పెరటి గుమ్మాల దగ్గర తచ్చాడుతున్నాడు" అన్నాడు టైలరు. "నేను రెండుసార్లు చూశాను. వంగుని, నక్కుని, జేబులో ఏదో పెట్టుకుని."

"మా కుక్క పోస్ట్‌మ్యాన్ కనబడితే పిక్క పట్టుకుంటుంది" అన్నాడు బేకరీ ఆయన. "అలాంటిది మీ మావయ్యని చూస్తే తోక ఊపుతోంది! ఏం పెడుతున్నాడండీ దానికి? మత్తుమందా? ఎత్తుకుపోయే ఆలోచనేమో!"

"ఇంత అనుమానం ఉన్న మనిషి మనసులో ఏదో దొంగతనం ఉండే ఉంటుంది" అంది టీచరమ్మ. "రేపటి నుంచి ఆయన ఇక్కడ కూర్చుంటే మేం వేరే ఆసుపత్రి చూసుకుంటాం. పోలీసులకీ చెబుతాం."

డాక్టరమ్మ వాళ్ళని సాగనంపి తలుపు వేసింది. ఆసుపత్రి నిలబడాలంటే మావయ్యని పంపెయ్యాలి. ఏమని పంపుతుంది? చిన్నప్పుడు ఆమెకి సైకిలు నేర్పినవాడాయన. అప్పుడు కూడా బ్రేకుల్ని నమ్మక వీధి చివరిదాకా పక్కనే పరుగెత్తేవాడు.

ఇంటికెళ్ళి మెల్లగా కదిపింది. "పొద్దున్నే ఎక్కడికి వెళుతున్నావ్ మావయ్యా?"

"ఎవరు చెప్పారు? ఎన్ని గంటలకి చూశారట? నా చొక్కా ఏ రంగట?" అని ఎదురు ప్రశ్నలు గుప్పించి, కాఫీ తిప్పకుండానే తాగేశాడు. ఆ తాగడం చూసి డాక్టరమ్మకి నిజంగానే అనుమానం పట్టుకుంది. ఆసుపత్రి అలమరలో వేలికి తొడుక్కునే బ్రష్షులు నాలుగు తగ్గిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు తెలతెలవారుతుండగా మావయ్య గేటు తీశాడు. డాక్టరమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ వెంటపడింది. బేకరీ వెనక సందులో గోడ పక్కన నిలబడి తొంగి చూసింది.

మావయ్య పెరటి మెట్టు ముందు నేల మీద చతికిలబడి ఉన్నాడు. మోకాళ్ళ నొప్పికి పళ్ళు బిగబట్టుకున్నాడు. నల్లకుక్క ఆయన ఒళ్ళో తల పెట్టి, మూతి పైకెత్తి కళ్ళు మూసుకుంది. ఆయన వేలికి బ్రష్షు తొడుక్కుని దాని చిగుళ్ళ మీద గుండ్రంగా రుద్దుతున్నాడు. రుద్దుతూ విచారణ చేస్తున్నాడు.

"రాత్రి ఏం తిన్నావ్? బిస్కెట్టా? నిజం చెప్పు. ఎవరు పెట్టారు? ఆవిడా, ఆయనా? సరే, నువ్వు చెప్పకు. ఇదిగో, పంటి సందులోనే ఉంది."

డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, "ఏం చేస్తున్నావ్ మావయ్యా?" అంది.

ఆయన తల తిప్పలేదు. "వీధి మలుపు నుంచి నీ చెప్పుల చప్పుడు వింటూనే ఉన్నా. వెంటపడటం నీకు చేతకాదు."

"వాళ్ళు తోముతామన్నారు కదా, మళ్ళీ నువ్వెందుకు?"

"నేను నమ్మలేదు. నమ్మనివాడు చూస్తూ కూర్చోవాలా?" అన్నాడు మావయ్య. "దీనికి పన్ను పీకిన రోజు నువ్వు లోపల చేతులు కడుక్కుంటున్నావు. మత్తు దిగాక ఇది ఏడ్చిన ఏడుపు నేను విన్నాను. చంటిపిల్లలా ఏడ్చింది అమ్మడూ. నాకు మళ్ళీ అది వినే ఓపిక లేదు."

"ఎన్నిళ్ళు తిరుగుతున్నావ్?"

"పదకొండు. కుక్కలు ఏడు, పిల్లులు నాలుగు. పిల్లులు నన్ను ఇంకా నమ్మడం లేదు. అందుకే అవంటే నాకు గౌరవం."

"ఈ మాటేదో వాళ్ళకి చెప్పొచ్చుగా!"

"చెబితే ఆయన చూసుకుంటాడులే అని హాయిగా పడుకుంటారు. తిట్టాననుకో, సిగ్గుపడి రెండు రోజులైనా తోముతారు. మిగతా అయిదు రోజులు నేనున్నాను."

ఆ సాయంత్రం మావయ్య ఇంటికి వెళ్ళాక డాక్టరమ్మ ముగ్గురినీ జంతువులతో సహా రమ్మంది. బేకరీ ఆయన భార్య కూడా వచ్చింది. డాక్టరమ్మ నల్లకుక్క పెదవి ఎత్తింది. ఎక్కడా గార లేదు, చిగుళ్ళు లేతగా ఉన్నాయి.

"ఇంత బాగా తోముతున్నదెవరు?"

"మా ఆవిడేనండీ" అన్నాడు బేకరీ ఆయన.

"నేనెప్పుడు తోమాను? మీరే కదా!" అంది ఆవిడ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ తన పిల్లి నోరు తనే తెరిచి చూసుకుంది. చాలాసేపు మూయలేదు. అప్పుడు డాక్టరమ్మ తను చూసింది చూసినట్టు చెప్పింది.

"దొంగ అన్నానండీ ఆయన్ని" అన్నాడు బేకరీ ఆయన. "ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"ఆ పని మాత్రం చెయ్యకండి. మీకు తెలిసిందని తెలిస్తే మానేస్తాడు. పాపం మోకాళ్ళ నొప్పితో నేల మీద కూర్చుంటున్నాడు. మీ జంతువుల పళ్ళు మీరూ తోమండి చాలు. మిగతా ఎనిమిదిళ్ళ వాళ్ళకీ ఈ మాట చెప్పండి."

మూడోరోజు పొద్దున మావయ్య మామూలు కంటే గంట ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చాడు. తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, గొంతు తగ్గించాడు.

"అమ్మడూ, వీధి వీధంతా కలిసి ఏదో కుట్ర పన్నుతోంది."

"ఏమైంది మావయ్యా?"

"బేకరీ పెరట్లో మెట్టు పక్కన స్టూలు వేసి ఉంది. నిన్న లేదు. టీచరమ్మ గుమ్మంలో చేతుల కుర్చీ. టైలరు ఇంటి దగ్గర కుర్చీ మీద కొత్తగా కుట్టిన దిండు. మొత్తం పదకొండు గుమ్మాల్లో పదకొండు! అన్నీ తిరగేసి చూశాను. కాళ్ళు ఊపి చూశాను. దిండు కుట్లు కూడా లెక్కపెట్టాను, అందుకే ఆలస్యమైంది. ఏమీ దొరకలేదు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి బల్ల మీది పుస్తకం తెరిచి మొహం అడ్డం పెట్టుకుంది. "మరి కూర్చున్నావా?"

"కూర్చున్నా. కూర్చోకపోతే సాక్ష్యం ఎలా దొరుకుతుంది?" మావయ్య మోకాలు నిమురుకున్నాడు. "సుఖంగానే ఉందే అమ్మడూ. అదే నాకు అనుమానంగా ఉంది."