పెళ్లి ప్రకటన

పంతొమ్మిదివందల యాభైల చివర, బందరులో ఓ ఆదివారం మా పాస్టరు అయ్యగారు చర్చిలో పెళ్లి ప్రకటన చదివారు. పెళ్లికూతుర్ని నేనే! గుడివాడ పెళ్లికొడుకు పేరు వినడం అదే మొదలు. ఇంట్లో ఒక్కరూ నా చెవిన వెయ్యలేదు. "ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి," అని అయ్యగారు చర్చినిండా ఉన్న జనాన్ని అడిగారు.

సాయంత్రం పక్కింటి సాయిబుగారి భార్యకి చెబితే బుగ్గలు నొక్కుకుంది. "ఊరందర్నీ అడిగి నిన్నడగలేదా? మా నిఖాలో పిల్లని అడక్కుండా చెయ్యరమ్మా. కాదన్న పిల్లని మటుకు నేనింతవరకూ చూళ్లేదు," అంది.

పై ఆదివారం అయ్యగారు ప్రకటన రెండోసారి చదివి, మళ్లీ అదే మాట అడిగారు. ఒళ్లు మండి లేచి నిలబడ్డాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని, ఎంతో ఆప్యాయంగా, "అడిగింది నిన్ను కాదమ్మా, కూర్చో," అన్నారు.