గుడివాడకు చేరిన లాగ్‌లు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జూన్‌లో, మా యాజమాన్యం నన్ను గుడివాడ కళాశాల నుంచి బందరు కళాశాలకు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా బదిలీ చేసింది. చేరిన వారానికే పరీక్షల విభాగంలో గొడవ. కొందరి ఇంటర్నల్ మార్కులు సర్వర్‌లో పెరిగిపోయాయి. మార్చినది అసిస్టెంట్ షమీమ్ గారి పాస్‌వర్డ్‌తో. ఆవిడకు మెమో ఇచ్చారు.

"ఇన్నేళ్ళలో ఒక్క అంకె మార్చలేదు మేడమ్. మీరన్నా నమ్ముతారా?" అన్నారావిడ.

"నా నమ్మకం ఎందుకండీ, లాగ్ చూద్దాం రండి," అన్నాను.

ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్నింటికి ప్రవేశించారో సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా లాగ్. మార్కులు మారిన పూట చిట్టా ఖాళీ. ఎవరో తుడిచేశారు.

ప్రిన్సిపాల్ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. నా ఆలోచన ఇది: లాగ్‌లో పడే ప్రతి పంక్తీ ఆ క్షణమే గుడివాడ కళాశాలలో తాళం వేసిన గదిలోని యంత్రానికి చేరాలి. నేరుగా పంపితే, సర్వర్ సెట్టింగులు చూసినవాళ్ళకు ఆ యంత్రం ఆచూకీ తెలిసిపోతుంది. అందుకని టోర్ అనే అజ్ఞాత నెట్‌వర్క్ మీదుగా, యంత్రం ఎక్కడుందో బయటపెట్టని చిరునామాకు పంపాను. అందులో సమాచారం సంకేతాల పొరల్లో చుట్టుకుని అనేక యంత్రాలు దాటుతుంది. దారిలోని ఏ ఒక్క యంత్రానికీ మొదలూ చివరా రెండూ కలిపి తెలియవు. మూడు రోజులు కుస్తీ పట్టి, బస్సెక్కి గుడివాడ వెళ్ళి చూశాను. పొద్దున బందరులో నేను లాగిన్ అయిన పంక్తి అక్కడి తెర మీద ఉంది. ఆ వయసులో చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

పదిహేను రోజులకు మళ్ళీ మార్కులు మారాయి. బందరులో లాగ్ మళ్ళీ ఖాళీ. గుడివాడలో మాత్రం అన్నీ ఉన్నాయి: షమీమ్ గారి పాస్‌వర్డ్, పరీక్షల విభాగాధిపతి గదిలోని కంప్యూటర్, ఆ తర్వాత ఆయన సొంత పాస్‌వర్డ్‌తో లాగ్ తుడిచిన ఆదేశం. ఆ సమయానికి షమీమ్ గారు ప్రిన్సిపాల్ ఎదుట కూర్చుని సంజాయిషీ ఇస్తున్నారు.

"ఇదంతా ఈవిడ కూర్చుని తయారుచేసిందేనండీ!" అన్నాడు విభాగాధిపతి నన్ను చూపిస్తూ.

గుడివాడకు చేరిన లాగ్ మొత్తం నుంచి యంత్రం లెక్కగట్టే సంఖ్య ఒకటి ఉంటుంది; లాగ్‌లో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. దాన్ని రోజూ సాయంత్రం కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో ప్రిన్సిపాల్ గారికి ఇస్తూ వచ్చాను. "ఆ రోజు కవరు విప్పి సరిచూడండి సార్," అన్నాను. ఆయన ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకున్నారు. సరిపోయింది.

షమీమ్ గారి మెమో రద్దయింది. విభాగాధిపతి రాజీనామా ఇచ్చాడు. నా సర్వీసు మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునే పని ఇదే. లాగ్‌ను అది పుట్టిన యంత్రంలోనే వదిలేయకూడదని, దాన్ని చెరపగలిగినవాళ్ళ జాబితాలో మొదట నా పేరే రాసుకుని, నా చేతికీ అందని సాక్ష్యం ఉంచాలని అప్పుడు నేర్చుకున్నాను.